ముందే ముగిసిన కుస్తీ

శుక్రవారం పొద్దున్నే అతను చొక్కాకి ఇస్త్రీ చేసుకుంటూ కనిపించేసరికి భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కేది ఆవిడ తెల్లకోటు కోసం, ఆవిడ తండ్రి తువ్వాలు కోసం. అతని చొక్కాలు తీగమీంచి నేరుగా ఒంటిమీదికి వచ్చేవి. వారం వారం టీవీలో ఇద్దరు లావుపాటి మనుషులు ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటుంటే చూసి, ఆ పడటం ఎలా ఉందో పత్రికలో రాసేవాడికి ఇస్త్రీ ఎందుకని అతనే మానేశాడు. ఆఫీసులో అతన్ని పేరుతో పిలిచి చాలాకాలమైంది. గేటు కాపలావాడి దగ్గర్నుంచి యజమాని దాకా అందరికీ అతను 'కుస్తీగారు'.

ఒకప్పుడు అతను నాటకాల మీద రాసేవాడు. చివరి వరసలో కూర్చుని, ఏ నటుడు ఎక్కడ ఊపిరి పీల్చాడో, ఏ దీపం వెలగాల్సిన చోట వెలగలేదో కనిపెట్టి రాసేవాడు. నాటకాలు తగ్గాయి. ఆపైన పేజీ తగ్గింది. ఒకరోజు యజమాని పిలిచి, "స్టేజీ మీద జరిగేది చూసి రాయడం నీకొచ్చు కదయ్యా. ఇదీ స్టేజీయే. కాకపోతే చుట్టూ తాళ్లుంటాయి" అని కుస్తీ అప్పగించాడు. అతను నవ్వాడు. యజమాని నవ్వలేదు.

అతను కుస్తీని కూడా నాటకంలాగే రాశాడు. రెండో అంకంలో బిగువు లేదన్నాడు. కుర్చీతో కొట్టే ఘట్టంలో కుర్చీ ఒక్కటే సహజంగా ఉందన్నాడు. ఇదంతా అతను ఒళ్లు మండి రాశాడు. చదివినవాళ్లు పడీ పడీ నవ్వారు. అలా అతనికి హాస్యరచయిత అని పేరొచ్చి, ఇక అక్కణ్ణుంచి కదిలే వీలు లేకుండా పోయింది.

ఆ శుక్రవారం మాత్రం ఆ గోతిలోంచి బయటపడే దారి ఒకటి కనిపించింది. ఊళ్లో కొత్తగా పుట్టిన నాటక సంఘం ఆ సాయంత్రం తొలి ప్రదర్శన ఇస్తోంది. యజమాని అతన్ని గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. అదే ఒక వింత. "వచ్చి నా పక్కన కూర్చుని చూడు. చక్కగా రాశావంటే నాటకాల పేజీ మళ్లీ మొదలెడదాం. అది నీకే. కుస్తీ ఇంకెవరికైనా తగిలిద్దాం" అన్నాడు. లేవబోతుంటే, "అన్నట్టు రాణి వేషం మా ఆవిడదే. ఆ సంగతి మనసులో పెట్టుకోకు" అని, ఆ మాట మనసులో బాగా దిగేదాకా చూసి, ఇక వెళ్లమన్నాడు.

చిక్కల్లా ఒక్కటే. ఊళ్లోని స్టేడియంలో జరిగే కుస్తీ టీవీలో వచ్చేది కూడా ఆ వేళకే. అది అయిన వెంటనే సమీక్ష ఇస్తేగాని పేజీ అచ్చుకి పోదు. ఒకే మనిషి రెండు చోట్ల కూర్చోలేడు.

అయితే ఈ కుస్తీలో ఒక సదుపాయం ఉంది. ఎవరు గెలవాలో, ఎవరు ఎక్కడ పడాలో ముందే రాసుకుని ఉంటుంది. ఛానెల్లో పనిచేసే పాత నాటకాల స్నేహితుడు ఒకడు ప్రతి శుక్రవారం పొద్దున ఫోన్ చేసి ఆ వారం కథ చెప్పేస్తాడు. కథ తెలిసి కూర్చుంటే రాయడం తేలికని మొదలైన అలవాటది. అతను చొక్కా వంకెకు తగిలించి ఫోన్ అందుకున్నాడు.

"ఇవాళ ఉరుము ఓడిపోతున్నాడు. ఛాంపియన్ బెల్టు బండరాయికి పోతుంది" అన్నాడు స్నేహితుడు. ఆ కుస్తీలో అందరూ ఇలాంటి పేర్లతోనే దిగుతారు.

"ఉరుమా? వాడు ఓడటమేంట్రా? జనం ఒప్పుకుంటారా?"

"జనం సంగతి తర్వాత. ముందు వాడే ఒప్పుకోడు. అందుకే వాడికి చెప్పలేదు. నువ్వే గెలుస్తావని చెప్పి ఉంచాం. బండరాయి వాణ్ణి ఎత్తేసి మీద పడుకోగానే రెఫరీ గబగబా మూడు లెక్కపెట్టేస్తాడు. లేచి చూసుకునేసరికి అయిపోయి ఉంటుంది."

"ఇన్నేళ్లు చేసినవాణ్ణి అలా చేస్తే ఎలా?"

"వయసు మీదపడింది. మోకాళ్లు వంగట్లేదు. వచ్చేవారం నుంచి రావద్దంటారు. నన్నేం చెయ్యమంటావు? నేను కథ చెప్పేవాణ్ణి, రాసేవాణ్ణి కాదు. నువ్వు మాత్రం నోరు జారకు."

అతనెందుకు జారుతాడు? కూర్చుని ఒక్క ఊపున సమీక్ష రాసేశాడు. ఇంకా జరగని కుస్తీ గురించి నిన్న జరిగినట్టు రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే అనిపించింది గాని, చేయి ఆగలేదు. నిజానికి అంత బాగా ఎప్పుడూ రాయలేదు. చూస్తే కదా అడ్డం.

నాటకాల రోజుల నుంచి అతనికొక అలవాటుంది. రాసింది పైకి చదువుకుంటే తప్ప బాగుందో లేదో తెలియదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, చేయి ఊపుతూ గొంతెత్తి చదివాడు. "నిన్న సాయంత్రం ఉరుము కూలిపోయాడు. బండరాయి అతన్ని తలమీదికెత్తి పడేసిన తీరులో గాని, రెఫరీ గబగబా లెక్కపెట్టిన తీరులో గాని తడుముకోవడం లేదు. ఒక్క ఉరుమే ఏమీ తెలియనివాడిలా చూశాడు. అతని జీవితంలో అదొక్కటే గొప్ప నటన."

ఆ గదికి ఆనుకుని బాల్కనీ ఉంది. బాల్కనీలో కుర్చీ ఉంది. కుర్చీలో మామగారున్నారు.

మామగారు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఎవరినీ నమ్మకపోవడానికి జీతం తీసుకుని, రిటైరయ్యాక ఊరికే నమ్మడం మానేసినవారు. పాలవాడిని నమ్మరు, డాక్టరును నమ్మరు, వాతావరణ వార్తలు నమ్మరు. ఈ లోకంలో ఆయన పూర్తిగా నమ్మేది శుక్రవారం కుస్తీని. అందులోనూ ఉరుముని. ఉరుము దెబ్బ తిన్న వారం ఆయనకు నడుం పట్టేసేది. కూతుర్ని ఇచ్చింది నాటకాల మీద రాసే కుర్రాడికే అయినా, ఆ అల్లుడికి ఆయన మర్యాద ఇవ్వడం మొదలైంది కుస్తీ మీద రాశాకే. కుస్తీ ముందే రాసుకున్న కథ అన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. "నాన్నకి బీపీ. చెప్పారంటే మీకూ నాకూ చెడుతుంది" అని భార్య ఎప్పుడో తేల్చేసింది.

అతను చదవడం ముగించి బాల్కనీ వైపు చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ చేతిమీద టీ తొరక కట్టి ఉంది. మామగారు టీ వదిలేసి లేవడం ఎప్పుడూ జరగలేదని అతనికి అనిపించాల్సింది. అనిపించలేదు. మనసంతా సాయంత్రం మీద ఉంది.

ఆఫీసులో పేజీ చూసే ఇన్‌ఛార్జికి సమీక్ష ఇస్తే, ఆయన దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు.

"ఇదేంటి కుస్తీగారూ, ఇంకా పొద్దు కుంకలేదు!"

"నాటకానికి వెళ్లాలండీ. కథ మారదు. నా పూచీ."

"మారితే మారనీయవయ్యా. ఈ కుర్చీలో కూర్చున్నాక శుక్రవారం నాడు సూర్యుణ్ణి చూస్తూ ఇంటికెళ్లిన పాపాన పోలేదు" అని ఇన్‌ఛార్జి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆయన అంత ఆప్యాయంగా చూడటం అతనికి కొత్త.

నాటకశాల మెట్లెక్కుతుండగా భార్య ఫోన్ చేసింది. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పని మధ్యలో ఫోన్ చేసే మనిషి కాదు.

"ఏమండీ, పొద్దున నాన్నతో ఏమన్నారు?"

"ఏమన్నాను? మాట్లాడనే లేదు."

"మధ్యాహ్నం అన్నం ముట్టలేదట. పార్కులో కూర్చునే వాళ్లందర్నీ పోగేసుకుని స్టేడియానికి పోయారని ఎదురింటావిడ చెప్పింది. పోతూ పోతూ 'మా ఇంట్లోనే పాముంది' అన్నారట."

"పామా! ఇంట్లోనా?"

"ఆవిడ తన చెవులతో విన్నానంటోంది. నేను సూది పట్టుకుని ఉన్నాను, రాలేను. పాము సంగతి మీరు చూడండి" అని పెట్టేసింది.

లోపల గంట కొడుతున్నారు. అతను తమ అపార్టుమెంటు వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, ఎదురింటావిడ దగ్గర తాళంచెవి తీసుకుని ఇల్లు ఒకసారి చూడమన్నాడు. "పామండీ? ఎంతుంటుందండీ?" అన్నాడు వాచ్‌మన్. "నాకేం తెలుసు? జాగ్రత్తగా చూడు" అన్నాడు అతను. జాగ్రత్త అన్న మాట ఎక్కువైపోయిందని తర్వాత తెలిసింది. పాము పెద్దదే అయ్యుంటుందని వాచ్‌మన్ మూడంతస్తుల వాళ్లనీ కర్రలతో రమ్మన్నాడు.

యజమాని ముందు వరసలో పక్కన చోటు ఉంచాడు. దీపాలు ఆరాయి. తెర లేచింది. నాటకం చెడ్డది కాదు. మంత్రి వేషగాడు ఒక మాట అని ఆగిన తీరు చూసి అతనికి ఒళ్లు జలదరించింది. ఎన్నాళ్లయింది ఇలాంటి ఆగడం చూసి! రేపు రాయబోయే మొదటి వాక్యం మనసులో అప్పుడే కదిలింది.

అంతలో వెనక ఎవరో "పట్టు, పట్టు, వదలకు!" అన్నారు.

రాజు ఎవరినీ పట్టుకోవడం లేదు. అతను తల తిప్పి చూశాడు. చీకట్లో వరస వరసనా మొహాలు నీలంగా వెలుగుతున్నాయి. ఒళ్లో ఫోన్లు, ఫోన్లలో కుస్తీ. రాజ్యం పోగొట్టుకుని రాజు విలపిస్తుంటే మధ్య వరసలో ఒక పెద్దమనిషి పిడికిలి బిగించాడు. అతను ఇటు తిరిగేసరికి యజమాని మోకాలిమీద రుమాలు పరిచి ఉంది. రుమాలు కింద వెలుగుతోంది.

"ఏమయ్యా కుస్తీగారూ" అన్నాడు యజమాని రుమాలులోకి చూస్తూనే, గుసగుసగా. "ఉరుము పడట్లేదేంటి?"

"పడతాడు సార్. ఇంకొంచెం సేపట్లో పడతాడు."

"ఎక్కడ పడతాడు? బండరాయి ఎత్తబోతే వాడి చేయి కొరికాడు. రెఫరీ లెక్కపెట్టబోతే రెఫరీని తాళ్ల బయటికి తోసేశాడు. ఇప్పుడు ఇద్దరూ కావిలించుకుని నిలబడ్డారు. ఇదేం కుస్తీ?"

అతను రుమాలు అంచు ఎత్తి తొంగిచూశాడు. నిజమే. ఇద్దరూ ఇరుకు గుమ్మంలో ఒకేసారి దూరబోయి ఇరుక్కున్న ఎద్దుల్లా ఒకరినొకరు పట్టుకుని రొప్పుతున్నారు. ఎగరడం లేదు, విసరడం లేదు. ఉరుము మొహంలో ఏ వేషమూ లేదు. ఇన్నేళ్లలో అతను ఆ మొహం చూడటం అదే మొదలు. అంతలో కెమెరా జనం మీదికి తిరిగింది. ముందు వరసలో ఒక ముసలాయన కుర్చీ ఎక్కి, ఇస్త్రీ తువ్వాలు గాల్లో తిప్పుతూ అరుస్తున్నాడు.

అది మామగారు.

"అన్నట్టు, నువ్విక్కడున్నావు" అన్నాడు యజమాని, అప్పుడే తట్టినట్టు. "మరి అక్కడ కుస్తీ ఎవరు చూస్తున్నారు?"

ముందే రాసేశానని చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏదో ఒకటి చెప్పాలి. కళ్లముందు తువ్వాలు తిరుగుతోంది.

"మా మామగారు సార్. స్టేడియంలోనే ఉన్నారు. ఆయన చూసి చెప్తారు, నేను రాస్తాను."

"అదీ పద్ధతంటే! మనిషిని పెట్టావన్నమాట" అని యజమాని మెచ్చుకోలుగా భుజం తట్టి రుమాలులోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆఫీసుకి పోయి సమీక్ష మార్చాలి. మార్చకపోతే ఊరంతా చూసిన కుస్తీ ఒకటి, రేపు పత్రికలో వచ్చే కుస్తీ ఒకటి. రంగం మారేటప్పుడు దీపాలు ఆరుతాయని కాచుకుని కూర్చున్నాడు. ఆరాయి. నడుం వంచి, గోడవారగా పాకినట్టు పోయి, తలుపు నెట్టాడు. బయట వసారాలో పెద్ద లైటు ఉంది. ఆ వెలుగు సరాసరి పోయి స్టేజీ మీద పడింది. అక్కడ రాణి విషపుగిన్నె పెదవుల దాకా తెచ్చి ఉంది. కళ్లు బైర్లు కమ్మి, గిన్నె వణికి, విషమంతా పట్టుబట్టల మీద ఒలికింది. చచ్చిపోవడానికి ఏమీ మిగలక రాణి అలాగే నిలబడిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని మాత్రం గుర్తుపట్టింది.

ఆఫీసులో పేజీ లేదు. ఇన్‌ఛార్జి ఎండ ఉండగానే పేజీ పంపించేసి, ఫోన్ కట్టేసి, పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోయాడు. అచ్చు గదిలో మెషిన్ నడుస్తోంది.

"ఆపవయ్యా, తప్పు వెళ్లింది!"

"ఏంటి తప్పు?" అన్నాడు మెషిన్‌మన్, దూదితో చెవి తుడుచుకుంటూ.

"ఉరుము ఓడిపోయాడని ఉంది."

"మరి గెలిచాడా?"

"గెలవలేదు."

"గెలవలేదంటే ఓడినట్టే కదండీ. యజమాని చెప్తే ఆపుతాను."

యజమానికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఆ ఫోన్ రుమాలు కింద వేరే పనిలో ఉందని అతనికి తెలుసు.

ఇల్లు చేరేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. చెప్పుల అల్మారా బోర్లా పడి ఉంది. పరుపులు గోడకి నిలబెట్టి ఉన్నాయి. ఇస్త్రీపెట్టె వైరు ముక్కలై ఉంది. మసక చీకట్లో ఎవరో దాన్నే పామనుకున్నారు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని మధ్యలో నిలబడి ఉంది. "పాము దొరకలేదు. నా గాజు సీసాలన్నీ పగిలి దొరికాయి" అంది.

మర్నాడు పొద్దున పత్రిక వచ్చింది. ఉరుము గొప్పగా కూలిపోయాడని అతని వాక్యం చక్కటి అక్షరాల్లో ఉంది. జరిగిందేమో ఊరంతా చూసింది. కుస్తీ తేలలేదు. ఇద్దరూ పట్టు వదలక, ఎవరూ పడక, తర్వాత రావాల్సిన సీరియల్ వేళ కూడా మింగేసి, చివరికి ఛానెల్ వాళ్లే విసిగి ప్రకటనలు వేసేశారు. అతని ఫోన్ మోగడం మొదలైంది. కుస్తీ అభిమానులు, ఎంతకి అమ్ముడుపోయావన్నారు. సీరియల్ చూసే ఒక పెద్దావిడ, అత్తగారు జైలు నుంచి వచ్చిందో లేదో నువ్వే చెప్పమంది. ఆవిడకి కుస్తీతో సంబంధం లేదు. అతని నంబరు దొరికింది, చేసింది.

స్నేహితుడు కూడా చేశాడు. గొంతు నిదానంగా ఉంది.

"ఉరుముని తీసేశారు. నన్ను వంటల కార్యక్రమంలోకి తోశారు. బండరాయికి మెడ పట్టేసింది. రెఫరీ ఒక్కడే బాగున్నాడు. ఎవరితో చెప్పావు?"

"ఎవరితోనూ చెప్పలేదురా. పైకి చదువుకున్నాను."

"పైకి ఎందుకు చదువుకున్నావు?"

అవతల ఫోన్ పెట్టేశారు.

మామగారు బాల్కనీ కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. అల్లుడు ఎదురుగా ఉన్నా కూతురితోనే మాట్లాడుతున్నారు.

"అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు. ఇంకా జరగని కుస్తీలో ఎవరు ఓడతారో ఆయనకెలా తెలిసిందో అడుగు."

"మామయ్యా, నేను చెప్తాను..."

"నాకు చెప్పొద్దు. దానికి చెప్పమను. నిన్న ఉరుము దగ్గరికి పోయి నేనే చెప్పాను. స్టేడియం వెనక గేటు దగ్గర కారు దిగుతుంటే చేయి పట్టుకున్నాను. 'బాబూ, నిన్ను ఓడించడానికి కుట్ర జరిగింది, రెఫరీ గబగబా లెక్కపెట్టేస్తాడు' అన్నాను. ముందు నవ్వాడు. 'లేదు పెద్దాయనా, నేనే గెలుస్తానన్నారు' అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాడు. మా అల్లుడు, పేపర్లో రాస్తాడన్నాను. మెట్ల మీద కూర్చుని బూటు తాడు విప్పాడు, మళ్లీ కట్టాడు, మళ్లీ విప్పాడు. నా భుజం మీద చేయి వేసి లోపలికి పోయాడు. వాడికి మా ఇంట్లోంచి జరిగిన ద్రోహానికి నేను ఎలా మొహం చూపించను?"

అతని నోరు ఊరుకోలేదు. భార్య కళ్లు పెద్దవి చేసింది. అయినా చెప్పేశాడు.

"మామయ్యా, అది కుట్ర కాదు. కుస్తీ అంతా అంతే. ప్రతి శుక్రవారం ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. వాళ్లు నిజంగా కొట్టుకున్నది ఏదైనా ఉంటే, అది నిన్నటిదొక్కటే."

మామగారు మెల్లగా కుర్చీ ఇటు తిప్పారు. బీపీ పెరగలేదు. మొహంలో జాలి కనిపించింది.

"దొరికిపోయాక ప్రతివాడూ ఇదే మాట, నాయనా. ఈ బోగీలో ఎవ్వరికీ టికెట్ లేదు సార్, నన్నొక్కణ్ణే పట్టుకున్నారేంటి అంటాడు. నా ఉద్యోగమంతా ఇదే విన్నాను."

"నిజం మామయ్యా!"

"నిజమట! నిన్నటిది నిజమట! ఒక్క దెబ్బైనా మోగిందా? ఒక్కడైనా గాల్లోకి లేచాడా? పోయిన వారం ఉరుము తాళ్లెక్కి దూకితే నా గుండె ఆగింది. అదీ నిజమంటే. నిన్నటిదంతా నటన. మీవాళ్లు వాడి కాళ్లూ చేతులూ కట్టేసి పంపారు."

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. యజమాని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. చేతిలో పత్రిక ఉంది. పాము సంగతి తేల్చుకోవడానికి వచ్చిన వాచ్‌మన్, పై అంతస్తుల వాళ్లు ఆయన వెనక మెట్లమీద గుంపుగా నిలబడ్డారు.

"పెద్దాయనా, కుస్తీ చూసి మా పత్రికకి చెప్పింది మీరేనా?" అన్నాడు యజమాని.

"నేను చెప్పడమేంటి? మీకు రాసింది ఈయన. అదీ కుస్తీ కాకముందే, పొద్దున్నే రాశాడు. నా చెవులతో విన్నాను" అన్నారు మామగారు. ఆయన జన్మలో అబద్ధం ఆడలేదు. ఆడేవాళ్లని పట్టుకోవడమే పని కాబట్టి తీరిక దొరకలేదు.

అతను ఇక తన వంతు వచ్చిందని గోడకి ఆనుకున్నాడు. యజమాని అతనివైపు చూడనైనా లేదు. కుర్చీ లాక్కుని మామగారి ఎదురుగా కూర్చున్నాడు. "మరి నిన్న అసలేం జరిగింది? మీరు ముందు వరసలో ఉన్నారు కదా?" అన్నాడు.

మామగారు లేచి నిలబడ్డారు. తువ్వాలు నడుముకి బిగించారు. చెప్పడం మొదలుపెట్టారు. జరిగింది సగం, జరగాల్సింది సగం. ఉరుము కళ్లు నిప్పులు కక్కాయన్నారు. రెఫరీ చేతులు తాకట్టులో ఉన్నాయన్నారు. బండరాయి ఏడ్చాడన్నారు. కాలు ఎత్తి చూపించారు, దిండును బండరాయిని చేసి మెడ విరిచారు. మెట్లమీద వాళ్లు ఒక్కొక్కరే లోపలికొచ్చి నేలమీద కూర్చున్నారు. వాచ్‌మన్ కర్ర పక్కన పెట్టేశాడు. ఉరుము బూటు తాడు దగ్గరికి వచ్చేసరికి పై అంతస్తు ఆవిడ కళ్లొత్తుకుంది. యజమాని చూసింది మామగారిని కాదు. నేలమీద కూర్చున్న మొహాలని.

"ఇలా వారం వారం చెప్పగలరా?" అన్నాడు.

"చెప్పడానికేం? రాయమంటేనే కష్టం. కంటి ఆపరేషన్ అయింది. అయినా రాయడం గుమాస్తా పని."

యజమాని అప్పుడు తల తిప్పి అతనివైపు చూశాడు. "గుమాస్తా ఇంట్లోనే ఉన్నాడుగా" అన్నాడు.

"సార్, మరి నాటకాల పేజీ?" అన్నాడు అతను. అడగకూడదని తెలిసీ అడిగాడు. ఆగిన ఆ మంత్రి మాట ఇంకా చెవుల్లో ఉంది. మనసులో రాసుకున్న మొదటి వాక్యం అలాగే ఉంది.

"నాటకాల పేజీ!" అన్నాడు యజమాని. "కుస్తీ చూడకుండా రాశావు. ఊరుకున్నాను, బాగానే రాశావు. మా ఆవిడ విషం తాగుతుంటే మాత్రం లేచిపోయి తలుపు తీశావు. నేనూ ఫోన్ చూశాను, కాదనను. కాని కూర్చుని చూశాను. రాత్రి నుంచి మా ఇంట్లో ఆ పేజీ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. నీకుంటే వచ్చి ఆవిడతో మాట్లాడు."

అతనికి లేదు.

మరుసటి శనివారం నుంచి ఆ స్థలంలో మామగారి ఫొటో వస్తోంది, పాత రైల్వే కోటుతో. ఉరుము చోట కొత్తవాడు వచ్చాడు. మామగారు వాణ్ణి కూడా నమ్మారు. అభిమానులు ఉత్తరాలు రాస్తున్నారు, ఇన్నాళ్లకి కుస్తీ గురించి నిజం రాసేవాడు దొరికాడని. శుక్రవారం సాయంత్రం కుస్తీ అవగానే మామగారు కళ్లు మూసుకుని చెప్తుంటారు, అల్లుడు పక్కన కూర్చుని రాస్తుంటాడు. ఒక్క మాట మార్చినా పట్టేస్తారు. కామాలు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం పూర్తిగా అతనికే వదిలేశారు.